దాడి, కాపుదల మధ్య: విశాఖపట్నం నేపథ్యంగా బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఆటల నియమ చరిత్ర

వ్యాస సారాంశం

బిలియర్డ్స్ కుటుంబానికి చెందిన ఆటల్లో బంతుల అమరిక చిక్కుపడినప్పుడు ఆటగాని ముందు రెండు మార్గాలు ఉంటాయి. కష్టమైన బంతిని పాకెట్‌లో వేయడానికి సాహసించడం మొదటిది. తనకు పాయింట్లు రాకపోయినా ప్రత్యర్థికి అవకాశం మిగలకుండా తెల్ల బంతిని దాచిపెట్టడం రెండవది. ఈ ఎంపికను ధైర్యానికో పిరికితనానికో కొలతగా చూడడం పరిపాటి. గురి తప్పినవాడు చెల్లించవలసిన మూల్యమే ఈ ఎంపికను శాసించిందని, ఆ మూల్యాన్ని ఆయా కాలాల నియమావళులు నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మద్రాసు రాజధాని క్లబ్బుల నుంచి విశాఖ పోర్టు, ఉక్కు నగరాల వరకు ఆట నడిచిన సంస్థలను, ఆటలో పాల్గొని కూడా చరిత్రలో పేరు దక్కని మార్కరు పాత్రను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బిలియర్డ్స్, స్నూకర్, లైఫ్ పూల్, సేఫ్టీ, మార్కరు, వాల్తేరు క్లబ్బు, మద్రాసు రాజధాని, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచన సాధారణంగా విజేతల చుట్టూ తిరుగుతుంది. ఎవరు ఎప్పుడు గెలిచారు, ఎన్ని పాయింట్లు సాధించారు అన్నవి అందులో ప్రధానాంశాలు. బిలియర్డ్స్ చరిత్ర కూడా పెద్ద బ్రేకుల చరిత్రగానే ఎక్కువగా నమోదైంది. ఆటగాడు కావాలని పాయింట్లు వదులుకొని, ప్రత్యర్థిని ఇరుకున పెట్టి కుర్చీలో కూర్చున్న సందర్భాలకు స్కోరు పట్టికలో జాడ ఉండదు. అక్కడ కనిపించేది సున్న మాత్రమే. అయితే ఆట ఫలితాన్ని చాలాసార్లు ఆ సున్నలే నిర్ణయించాయి.

ఈ సున్న వెనుక ఉన్న ఆలోచనకు ఆటగాళ్ల వాడుకలో 'సేఫ్టీ' అని పేరు. విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరంలో ఈ మాటకు మరొక అర్థం బలంగా ఉంది. పోర్టు బెర్తుల మీద, ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ అంటే శిరస్త్రాణం, బూట్లు, ప్రమాద నివారణ. అక్కడ అది ఎవరికీ హాని కలగకుండా చూడడం. బిలియర్డ్స్ బల్ల మీద అదే మాటకు అర్థం తన హానిని తప్పించుకుంటూ ఎదుటివానికి కష్టం కలిగించడం. కనుక దీన్ని 'రక్షణ' అని అనువదిస్తే సగం అర్థమే వస్తుంది. ఈ వ్యాసంలో 'కాపుదల' అన్న మాటను ఈ రెండవ అర్థాన్ని కూడా కలుపుకొని వాడడమైనది.

తెలుగు నేల మీద ఈ భావన కొత్తది కాదు. పులిజూదంలో మూడు పులులు దూకి మేకలను చంపుతాయి. పదిహేను మేకలకు చంపే అధికారమే లేదు. అవి ఒకదాని వెనుక ఒకటి నిలిచి, దూకడానికి ఖాళీ లేకుండా చేసి, చివరకు పులులను కదలనీయకుండా కట్టడి చేస్తాయి. మేకల పక్షం ఆడేవాడు ఒక్క కాయనైనా చంపకుండానే గెలుస్తాడు. కాపుదలకు దాడితో సమానమైన గెలుపు శక్తి ఉందని ఈ ఆట నియమంలోనే ఉంది. బిలియర్డ్స్ కుటుంబంలో ఆ శక్తి ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎందుకు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2. మద్రాసు రాజధాని: ఊటీ, వాల్తేరు

స్నూకర్ పుట్టుక భారతదేశంలోని సైనిక శిబిరాలతో ముడిపడి ఉంది. 1875లో జబల్‌పూర్‌లో డెవన్‌షైర్ రెజిమెంటుకు చెందిన యువ అధికారి నెవిల్ చాంబర్లేన్, అప్పటికే వాడుకలో ఉన్న బ్లాక్ పూల్ ఆటకు మరికొన్ని రంగు బంతులను చేర్చినట్టు చెప్పుకున్నాడు. లండన్‌లోని వూలిచ్ సైనిక విద్యాలయంలో మొదటి సంవత్సరపు విద్యార్థులను హేళనగా పిలిచే 'స్నూకర్' అన్న మాట, గురి తప్పిన ఒక సహచరుణ్ణి ఉద్దేశించి అనగా ఆటకే పేరైందని అతని కథనం. ఈ వివరాలను అతడు 1938లో 'ది ఫీల్డ్' పత్రికకు రాసిన లేఖలో వెల్లడించాడు. అంటే సంఘటనకు, సాక్ష్యానికి మధ్య అరవై మూడేళ్ల ఎడం ఉంది. చరిత్రకారుడు ఈ కథనాన్ని అంగీకరిస్తూనే ఆ ఎడాన్ని గుర్తుంచుకోవాలి.

చాంబర్లేన్ 1881లో మద్రాసు సైన్యాధిపతి ఫ్రెడరిక్ రాబర్ట్స్ సిబ్బందిలో చేరాడు. వేసవిలో మద్రాసు ప్రభుత్వంతో పాటు సైన్యాధిపతి పరివారం కూడా ఉదకమండలానికి తరలేది. 1880ల తొలి భాగంలో ఊటీ క్లబ్బు బిలియర్డ్స్ గదిలో స్నూకర్ నియమాలను రాసి గోడకు తగిలించారు. నోటిమాటగా నడిచిన ఆటకు లిఖిత నియమావళి ఏర్పడిన ఘట్టం అది.

వాల్తేరు క్లబ్బు 1883లో ఏర్పడింది. అప్పటి విశాఖపట్నం జిల్లా కూడా మద్రాసు రాజధానిలో భాగమే. ఆ రాజధాని సివిల్, సైనిక అధికారులు జిల్లా నుంచి జిల్లాకు బదిలీ అవుతూ, వెళ్లిన చోటికల్లా క్లబ్బు జీవితాన్ని తీసుకుపోయేవారు. ఊటీలో నియమాలు గోడకెక్కిన కాలం, వాల్తేరు మెరక మీద క్లబ్బు వెలసిన కాలం ఒకటే కావడం ఈ పాలనా వ్యవస్థ విస్తరణను సూచిస్తుంది. ఇలాంటి క్లబ్బులు వలస పాలన కాలంలో చాలావరకు యూరోపియన్ల కోసం ఏర్పడినవే. భారతీయుడు ఆ గదిలోకి సభ్యుడుగా కాక సేవకుడుగా ముందు ప్రవేశించాడు. ఆ సేవకుని పేరే మార్కరు.

సముద్రతీరపు వాతావరణం ఆట మీద చూపే ప్రభావం కూడా గమనించదగినది. బల్ల మీది ఉన్ని గుడ్డ తేమను పీలుస్తుంది. తేమ పట్టిన గుడ్డ మీద బంతి తొందరగా ఆగుతుంది. పాకెట్‌లో వేయడానికి దిశ ముఖ్యం. కాపుదలకు దిశ కన్నా దూరం లెక్క ముఖ్యం. తెల్ల బంతి అంగుళం ముందు ఆగినా, అంగుళం దాటిపోయినా దాపు పోతుంది. కాబట్టి తీరప్రాంతపు బల్ల మీద ముందుగా దెబ్బతినేది కాపుదల ఆటే. బల్ల స్వభావాన్ని రోజూ గుడ్డ తుడిచి, ఇస్త్రీ చేసే మనిషి కన్నా ఎరిగినవారు అరుదు.

3. లైఫ్ పూల్: ప్రాణాల బేరం, మార్కరు మాట

స్నూకర్‌కు ముందున్న ఆటల్లో లైఫ్ పూల్ ముఖ్యమైనది. 'పూల్' అంటే ఆటగాళ్లందరూ కలిపి వేసిన పందెపు సొమ్ము. ఒక్కొక్కరికి ఒక్కో రంగు బంతి, సాధారణంగా మూడు ప్రాణాలు ఇచ్చేవారు. ఒక నిర్ణీత వరుసలో ప్రతి ఆటగాడు తన బంతితో తనకు ముందు ఆడినవాని బంతిని కొట్టాలి. దాన్ని పాకెట్‌లో వేస్తే ఆ బంతి యజమాని ఒక ప్రాణం పోగొట్టుకొని, దానికి విలువ కట్టిన సొమ్మును కొట్టినవానికి చెల్లించేవాడు. గురి బంతిని తాకలేకపోయినా, తన బంతే పాకెట్‌లో పడినా ఆడినవాడే ప్రాణం కోల్పోయేవాడు. చివరి వరకు మిగిలినవానికి పూల్ సొమ్ము దక్కేది. మొదట ప్రాణాలన్నీ పోగొట్టుకొన్నవాడు మళ్లీ సొమ్ము చెల్లించి కొన్ని ప్రాణాలు కొనుక్కొనే వెసులుబాటు కూడా ఉండేది. దానికి 'స్టార్' అని పేరు.

ఈ నిర్మాణంలో దాడికి, కాపుదలకు ఉన్న సంబంధం విలక్షణమైనది. ఆటగాడు కొట్టే బంతి ఒకరిది. అతని బంతి మీద గురిపెట్టేవాడు వేరొకడు. ఎదురుగా ఉన్నవాని మీద దాడి చేస్తున్నప్పుడు వెనుక వస్తున్నవాని నుంచి కాచుకోవాలి. తన తర్వాత ఆడేవాడు నేర్పరి అయితే అందుబాటులో ఉన్న పాకెట్‌ను కూడా వదులుకొని తన బంతిని దూరంగా కుషన్ పక్కన నిలపడం తెలివైన పని. అతడు సాధారణ ఆటగాడైతే సాహసించవచ్చు. బంతుల అమరిక ఒకటే అయినా నిర్ణయం వెనుక వచ్చే మనిషిని బట్టి మారుతుంది.

ఎందరో ఆడుతూ, కొందరు నిష్క్రమిస్తూ ఉండే ఈ ఆటలో ఎవరి మీద ఎవరు ఆడాలో గుర్తుంచుకోవడం కష్టం. ఆ పని మార్కరుది. ప్రతి వంతుకు ముందు ఏ రంగు ఏ రంగు మీద ఆడాలో, ఆ తర్వాత ఆడే రంగు ఏదో అతడు బిగ్గరగా ప్రకటించేవాడు. ఈ ప్రకటనలోని రెండవ భాగమే కాపుదలకు కావలసిన సమాచారం. సభ్యుడు ఎవరి నుంచి కాచుకోవాలో సేవకుడు చెబుతున్నాడు. ప్రాణాల లెక్క, సొమ్ముల లెక్క, వరుస లెక్క అన్నీ మార్కరు తలలోనో పలక మీదో ఉండేవి. గదిలోని అన్ని బలాబలాలనూ ప్రతిరోజూ చూసినవాడు అతడొక్కడే. జతగాడు దొరకని సభ్యునితో ఆడవలసినవాడు కూడా అతడే. నియమావళి రచయితగా ఒక సైనికాధికారి పేరు నిలిచింది. ఆ నియమాలను రోజువారీ ఆచరణలో పెట్టిన మార్కర్ల పేర్లు నిలవలేదు. క్లబ్బుల చరిత్రను అధ్యక్షుల జాబితాలతో రాసే పద్ధతిలో ఈ లోపం తీరేది కాదు.

4. ఇంగ్లీషు బిలియర్డ్స్: అమ్ముడైన 'మిస్', అంతులేని బ్రేకు

మూడు బంతులతో ఆడే ఇంగ్లీషు బిలియర్డ్స్‌లో కాపుదలకు చాలాకాలం ఒక నిర్ణీత ధర ఉండేది. ఏ బంతినీ తాకకపోతే ప్రత్యర్థికి ఒక పాయింటు. పాత నియమాల కింద ఆటగాడు కావాలనే తాకకుండా వదిలి, ఆ ఒక్క పాయింటు ఇచ్చి, తన బంతిని భద్రమైన చోట నిలిపేవాడు. ఇది తప్పు కాదు, అంగీకృతమైన వ్యూహం. పాయింటుకు బదులుగా స్థానం కొనుక్కోవడమన్నమాట. తర్వాతి నియమాలు ఈ వెసులుబాటును కుదించాయి. ధర పెరిగేసరికి వ్యూహం వాడుక తగ్గింది.

రెండవ పద్ధతి డబుల్ బాక్. బల్ల ఒక చివర గీసిన బాక్ రేఖ వెనుక నుంచి చేతి బంతితో ఆడేవాడు ఆ రేఖ లోపలి బంతులను నేరుగా కొట్టరాదు. ప్రత్యర్థి బంతి పాకెట్‌లో పడి అతని చేతిలో ఉన్న సమయంలో తన బంతిని, ఎర్ర బంతిని రెండింటినీ బాక్ లోపల వదిలిపెడితే, అతడు ఎదుటి కుషన్ దాకా పంపి వెనక్కు రప్పించుకోక తప్పదు. ఇందులో ఫౌల్ లేదు, ధర లేదు. ఒక నియమం ప్రత్యర్థికి విధించిన ఆంక్షను ఆయుధంగా మలచుకోవడమే ఉంది.

ఈ ఆటలో దాడి మితిమీరినప్పుడు కూడా నియమమే అడ్డుపడింది. 1907లో టామ్ రీస్ రెండు బంతులను పాకెట్ అంచున నిలిపి, ఒకే రకమైన క్యానన్‌ను వారాల తరబడి కొట్టి 4,99,135 పాయింట్ల బ్రేకు చేశాడు. అది అధికారిక రికార్డుగా గుర్తింపు పొందలేదు. ఆ పద్ధతి నిషిద్ధమైంది. 1932లో వాల్టర్ లిండ్రమ్ 4,137 పాయింట్ల బ్రేకు సాధించిన తర్వాత, బ్రేకు కొనసాగాలంటే తెల్ల బంతి నిర్ణీత విరామాల్లో బాక్ రేఖను దాటాలన్న నియమం వచ్చింది. ఈ ఉదంతాలు దాడికి, కాపుదలకు మధ్య గీత ఎంత పలుచనిదో చూపుతాయి. గంటల తరబడి బల్ల వదలనివాడు ప్రత్యర్థికి అవకాశమే ఇవ్వడు. తప్పిపోవడమే లేని దాడి పరిపూర్ణమైన కాపుదల అవుతుంది. అప్పుడు ఆటలో నిర్ణయానికి తావుండదు. నిర్ణయాన్ని తిరిగి ప్రవేశపెట్టడానికే నియమాలు మారాయి.

భారతీయ ఆటగాళ్లు ప్రపంచ స్థాయికి ఎదిగింది ఈ మారిన నియమాల కాలంలోనే. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ పోటీని గెలిచిన విల్సన్ జోన్స్, ఏ వ్యక్తిగత క్రీడలోనైనా ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడుగా గుర్తింపు పొందాడు. 1964లో న్యూజిలాండ్‌లో ఆ విజయాన్ని పునరావృతం చేశాడు. మైకేల్ ఫెరీరా, గీత్ సేథీ ఆ పరంపరను కొనసాగించారు. తర్వాతి కాలంలో ప్రపంచ పోటీలు రెండు రీతులుగా చీలాయి. ఒకటి గడియారం ప్రకారం ఆడేది, రెండవది 150 పాయింట్ల చిన్న ఆటలుగా ఆడేది. దీర్ఘ సమయపు ఆటలో ఒక పొరపాటును తర్వాత సరిదిద్దుకోవచ్చు. 150 పాయింట్ల ఆటలో ప్రత్యర్థికి దొరికిన ఒక్క వంతుతోనే ఆట ముగిసిపోవచ్చు. బల్ల అదే, బంతులు అవే. తప్పిదపు మూల్యం వేరు. 2005లో మాల్టాలో పంకజ్ అద్వానీ ఒకే ఏడాది ఈ రెండు రీతుల్లోనూ విజేత కావడంలోని విశేషం ఇక్కడే ఉంది. అతడు రెండు వేర్వేరు మూల్యాలకు తగినట్టు తన ఎంపికను మార్చుకోగలిగాడు.

5. స్నూకర్: అడ్డుగోడ ఆయుధమైన ఆట

స్నూకర్‌లో కాపుదలకు నేరుగా పాయింట్లు తెచ్చే శక్తి వచ్చింది. గురి బంతికి, తెల్ల బంతికి మధ్య వేరొక బంతిని అడ్డుగా ఉంచితే ప్రత్యర్థి తాకలేక ఫౌల్ చేయవచ్చు. ఆ ఫౌల్‌కు కనీసం 4, గరిష్ఠంగా 7 పాయింట్లు లభిస్తాయి. ఫ్రేమ్ చివర ఆరు రంగు బంతులు మాత్రమే మిగిలితే వాటి మొత్తం విలువ 27. 30 పాయింట్లు వెనుకబడినవాడు అన్నింటినీ పాకెట్‌లో వేసినా ఓడిపోతాడు. అయితే ఒక్క 4 పాయింట్ల ఫౌల్ రాబట్టగలిగితే 31 పాయింట్లతో ఒక్క పాయింటు తేడాతో గెలుస్తాడు. ఈ స్థితిలో పాకెట్‌లో వేయడం ఓటమిని త్వరపెట్టడమే. కాపుదల ఒక్కటే దాడి మార్గం. పులిజూదంలో మేకల పరిస్థితికి ఇది దగ్గరగా ఉంటుంది.

నియమావళి ఇక్కడ కూడా నిశ్చలంగా ఉండలేదు. అడ్డు ఉన్నప్పుడు గురి బంతిని తాకడానికి ఆటగాడు నిజంగా ప్రయత్నించలేదని రిఫరీ భావిస్తే 'మిస్' ప్రకటించి, బంతులను పూర్వస్థానంలో పెట్టించి మళ్లీ ఆడించవచ్చు. వృత్తి స్నూకర్‌లో ఈ నియమం 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో క్రమంగా కఠినమైంది. అంతకుముందు అడ్డులో చిక్కినవాడు 4 పాయింట్లు ఇచ్చి, బంతిని తాకకుండానే భద్రమైన చోటికి చేరే వీలుండేది. ఇది బిలియర్డ్స్‌లోని పాత 'మిస్' కొనుగోలు వంటిదే. కఠిన నియమం వచ్చాక ఒక మంచి అడ్డు పలుమార్లు పాయింట్లు తేగలిగింది. కాపుదల విలువ పెరిగింది.

1985 ప్రపంచ వృత్తి స్నూకర్ ఫైనల్ ఈ ఎంపికలోని ఒత్తిడికి ప్రసిద్ధ ఉదాహరణ. 17–17 వద్ద చివరి ఫ్రేమ్‌లో డెన్నిస్ టేలర్, స్టీవ్ డేవిస్‌ల మధ్య నల్ల బంతి ఒక్కటే మిగిలింది. దాన్ని వేసినవాడే విజేత. అడ్డు పెట్టడానికి వేరొక బంతి లేదు. నల్ల బంతిని దూరం పంపడం, కుషన్‌కు చేర్చడం మాత్రమే సాధ్యం. ఇద్దరూ కొన్ని వంతులు కాపుదలతోను, సాహసంతోను గడిపాక టేలర్ దాన్ని వేసి 18–17తో గెలిచాడు. బ్రిటన్‌లో 1 కోటి 85 లక్షల మంది ఆ ఆటను టెలివిజన్‌లో చూశారు. కాపుదల ప్రేక్షకులకు విసుగు పుట్టిస్తుందన్న అభిప్రాయానికి ఈ సంఖ్య ఒక సమాధానం. పణం ఏమిటో చూసేవానికి స్పష్టంగా తెలిసినప్పుడు, పాయింట్లు రాని వంతు కూడా ఉత్కంఠభరితమే.

6. పూల్: చేతి బంతి, చిక్కు అమరిక, నిర్ణయపు లెక్క

అమెరికాలో 20వ శతాబ్దంలో ఎదిగిన ఎయిట్ బాల్, నైన్ బాల్ ఆటలు ఈ చరిత్రకు మరొక మలుపు. స్నూకర్ బల్ల 12 అడుగుల పొడవు. పోటీల పూల్ బల్ల 9 అడుగులు. పూల్ బల్ల పాకెట్లు బంతి పరిమాణంతో పోలిస్తే వెడల్పయినవి. కాబట్టి పూల్‌లో దాడి సఫలమయ్యే అవకాశం సహజంగానే ఎక్కువ.

నైన్ బాల్‌లో అతి తక్కువ సంఖ్య గల బంతినే ముందుగా తాకాలి. పాత పద్ధతుల్లో అడ్డులో చిక్కినవాడు తెల్ల బంతిని తనకిష్టమైన చోటికి నెట్టి వంతు ముగించవచ్చు. ప్రత్యర్థి ఆ స్థితిని స్వీకరించడమో, తిరిగి అతని చేతనే ఆడించడమో చేసేవాడు. కనుక అడ్డు పెట్టడం వల్ల పెద్ద లాభం ఉండేది కాదు. తర్వాత వ్యాపించిన నియమం ప్రకారం ఒక్క ఫౌల్ చేసినా ప్రత్యర్థికి చేతి బంతి లభిస్తుంది. అంటే తెల్ల బంతిని బల్ల మీద కోరిన చోట పెట్టుకొని ఆడవచ్చు. నెట్టే వెసులుబాటు ఆరంభపు కొట్టు తర్వాతి ఒక్క వంతుకే పరిమితమైంది. ఈ ఒక్క మార్పుతో కాపుదల నిష్క్రియాత్మక చర్య నుంచి గెలుపు సాధనంగా మారింది.

ఈ మార్పును ఊహాత్మకమైన ఒక లెక్కతో పరీక్షించవచ్చు. ఒక చిక్కు అమరికలో దాడి ఫలిస్తే గెలుపు అవకాశం 90 శాతం, తప్పితే 20 శాతం, కాపుదల ఆడితే 55 శాతం అనుకుందాం. దాడి ఎంత నమ్మకంగా ఉంటే సమంజసం? కాపుదల విలువ నుంచి తప్పినప్పటి విలువ తీసివేస్తే 35. ఫలించినప్పటి విలువ నుంచి తప్పినప్పటి విలువ తీసివేస్తే 70. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే సగం వస్తుంది. అంటే బంతి పడే అవకాశం 50 శాతానికి మించితే దాడి సరైనది. ఇప్పుడు చేతి బంతి నియమం వల్ల కాపుదల విలువ 70 శాతానికి పెరిగిందనుకుందాం. అప్పుడు 50ని 70తో భాగించాలి. హద్దు సుమారు 71 శాతానికి చేరుతుంది. నిన్న 60 శాతం నమ్మకంతో సాహసించడం వివేకం; నేడు అదే ఆటగానికి, అదే అమరికలో అది దుడుకుతనం. ఆటగాని స్వభావం మారలేదు. నియమం మారింది.

ఎయిట్ బాల్‌లో చిక్కు మరో రూపంలో వస్తుంది. ఒక ఆటగానికి మూడు బంతులు మిగిలాయి. రెండు సులువుగా పడతాయి. మూడవది ప్రత్యర్థి బంతితో అతుక్కొని కుషన్ పక్కన ఉంది. అనుభవం లేనివాడు రెండు సులువైన బంతులను వేసి, ఆపై మూడవదాని సంగతి చూద్దామనుకుంటాడు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. బల్ల మీదున్న సొంత బంతులు తాను తీర్చవలసిన బాకీలే కాదు, ప్రత్యర్థి దారికి అడ్డుగోడలు కూడా. వాటిని తొలగించాక మూడవ బంతి దగ్గర ఆగిపోతే, ప్రత్యర్థికి అడ్డులేని బల్లను అప్పగించినట్టవుతుంది. అనుభవజ్ఞుడు సులువైన బంతులను ఉంచి, ముందుగా అతుక్కున్న బంతులను మెల్లగా విడదీసి, తెల్ల బంతిని తన బంతుల వెనుక దాచుతాడు. సులువైన లాభాన్ని వాయిదా వేయడం ఇక్కడ కాపుదల, దాడి రెండూ అవుతుంది. చిక్కు విడిపోని అమరికలో మధ్యేమార్గంగా సగం దూరం వెళ్లి ఆగడమే అన్నింటికన్నా నష్టదాయకం.

7. పోర్టు, ఉక్కు నగరం: బల్ల అద్దె

విశాఖలో ఆట నడిచే సామాజిక స్థలం 20వ శతాబ్దంలో విస్తరించడానికి నగరపు ఆర్థిక నిర్మాణమే నేపథ్యం. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' నౌక రాకతో రేవు వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. రైల్వే, నౌకాదళం, ప్రభుత్వరంగ సంస్థలు తమ ఉద్యోగుల కోసం వినోద కేంద్రాలు నెలకొల్పే సంప్రదాయం దేశమంతటా ఉంది. సభ్యత్వం పుట్టుకను బట్టి కాక ఉద్యోగాన్ని బట్టి లభించడం ఈ దశలో వచ్చిన మౌలికమైన మార్పు. అయితే అధికారికి, కార్మికునికి వేర్వేరు క్లబ్బులుండే పద్ధతి పాత గది గోడలను పూర్తిగా కూల్చలేదు.

1990ల నుంచి ఉపగ్రహ టెలివిజన్, ప్రైవేటు పార్లర్లు ఆటను భారతీయ నగరాల్లో సభ్యత్వం లేనివారికి కూడా అందుబాటులోకి తెచ్చాయి. ఇక్కడ బల్లకు గంట లెక్కన అద్దె. ఓడినవారు ఆ అద్దె చెల్లించడం చాలాచోట్ల వాడుక. ఈ వాడుక ఏ లిఖిత నియమావళిలోనూ లేదు. కానీ ఎంపికను శాసించడంలో అది నియమంతో సమానం. కాపుదల పోరు సాగినకొద్దీ అద్దె పెరుగుతుంది. వెనుకబడినవానికి ప్రతి నిమిషం ఖర్చే. ఫ్రేమ్‌ను కాపాడుకోవడానికి ఓపిక కావాలి. ఓపికకు డబ్బు కావాలి. చేతి ఖర్చుకు లెక్క చూసుకునే విద్యార్థి త్వరగా తేల్చుకోవడానికి సాహసిస్తాడు. క్లబ్బు బల్ల మీద సాయంత్రమంతా ఆడగలిగిన సభ్యునికి కాపుదల అభ్యసించే తీరిక ఉంటుంది. పార్లర్ ఆటగాళ్లు దూకుడుగా ఆడతారన్న అభిప్రాయాన్ని వారి స్వభావానికి ఆపాదించే ముందు, బల్ల మీద తిరిగే గడియారాన్ని పరిశీలించాలి.

ఇదే ఒత్తిడి ప్రపంచ స్థాయిలో మరో రూపంలో వచ్చింది. 2011లో పునఃప్రారంభమైన స్నూకర్ షూట్ అవుట్ పోటీలో ఫ్రేమ్ పది నిమిషాలే. మొదటి ఐదు నిమిషాల్లో ఒక్కో కొట్టుకు 15 సెకన్లు, ఆ తర్వాత 10 సెకన్లు. దీర్ఘాలోచనకు, సుదీర్ఘమైన కాపుదలకు ఇందులో చోటు లేదు. టెలివిజన్ సమయానికి ధర కట్టినవారు, పార్లర్ బల్లకు అద్దె కట్టినవారు ఒకే విధంగా ఆటను దాడి వైపు నెట్టారు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, దాడికి, కాపుదలకు మధ్య ఎంపిక వ్యక్తి స్వభావం కన్నా తప్పిదపు మూల్యం మీద ఆధారపడి ఉంది. లైఫ్ పూల్‌లో అది ప్రాణం, పాత బిలియర్డ్స్‌లో ఒక పాయింటు, స్నూకర్‌లో నాలుగు నుంచి ఏడు పాయింట్లు, నేటి నైన్ బాల్‌లో చేతి బంతి. మూల్యం మారిన ప్రతిసారీ వివేకానికి నిర్వచనం మారింది. రెండవది, లిఖిత నియమాలతో పాటు పందెం, బల్ల అద్దె, ప్రసార సమయం వంటి అలిఖిత నియమాలు కూడా అంతే బలంగా పనిచేశాయి. ఆట చరిత్రను నియమావళుల ఆధారంగా మాత్రమే రాస్తే పార్లర్‌లోని విద్యార్థి నిర్ణయం అర్థం కాదు.

మూడవది చరిత్ర రచనకు సంబంధించినది. వాల్తేరు వంటి క్లబ్బుల గదుల్లో బల్లను సిద్ధం చేసి, లెక్క ఉంచి, ఎవరి నుంచి కాచుకోవాలో చెప్పి, పిలిచినప్పుడు ఎదురుగా నిలిచి ఆడిన మార్కర్లది ఈ ఆటలో అత్యంత నిరంతరమైన అనుభవం. నేటికీ ఆ ఉద్యోగం, ఆ పేరు భారతీయ క్లబ్బుల్లో ఉన్నాయి. విశాఖలోనూ ఇతర తెలుగు నగరాల్లోనూ క్లబ్బుల్లో, రైల్వే సంస్థల్లో, కర్మాగారాల వినోద కేంద్రాల్లో పనిచేసిన మార్కర్ల మౌఖిక చరిత్రను సేకరించడం తెలుగు క్రీడాచరిత్ర పరిశోధనకు తక్షణ కర్తవ్యం. జీతపు పట్టీలు, సభ్యత్వ రిజిస్టర్లు, టోర్నమెంటు పలకలు దానికి తోడ్పడే ఆధారాలు. విజేతల పేర్లు ఫలకాల మీద ఉన్నాయి. ఆ ఫలకాలు వేలాడిన గదుల్లో ఆటను అనుదినం నడిపినవారి జ్ఞాపకాలు మాత్రం మనుషులతో పాటే వెళ్లిపోతున్నాయి.